నీలి చుక్క

అల్ రమ్స్ రేవుల
చుక్కలింకా మునగకముందే
పడవకు పలక బిగిస్తున్న.
నాలుగు స్క్రూలు, రబ్బరు పట్టీ,
పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి
ఎర్ర తీగె, నల్ల తీగె.

ట్యాబ్లెట్ అనాలె. నా నోటికి పలకనే వస్తది.
ఉమ్మితో తుడిచి మళ్ల రాసుకున్న బడి నాది.
మాది కోరుట్ల. ఇక్కడికి రాకముందు
నేను చూసిన పెద్ద నీళ్లు కాకతీయ కాలువ,
అది సుత ఎండకాలం సగం బురద.

పాత జీపీఎస్ పెట్టె ఉప్పు తిని సచ్చింది.
దాని కడుపుల ముప్పై ఏడు గుర్తులు,
నాఖుదా ఖమీస్ ఇన్నేండ్లల్ల
చేపల బోన్లు దించిన తావులు.
దుకాణంల తీగెలు పెట్టి
దానికి ఒక్క రాత్రికి ఊపిరి పోసి
ఒక్కొక్కటి ఇందులకు ఎక్కించిన.
ముప్పై ఆరింటికి పేర్లున్నయ్.
ఒకదానికి లేదు.
ఎవరిదో వేలు తాకి పడ్డదనుకున్న.
తుడిపేసిన.

"ఏటి బావూ, దీన్లో చేపలగుపిస్తాయేటి?"
తాడు చుట్ట చుడుతూ భావనపాడు నూకయ్య.
ఇద్దరిదీ తెలుగే.
గట్టి మాట ఏదన్న ఉంటే మాత్రం
హిందీల చెప్పుకుంటం.

రేవు దాటినంక తెలిసింది
దుకాణంల అద్దం వేరు, నీళ్ల మీద అద్దం వేరు.
తడి వేలును ఇది వేలనుకోదు.
నూకయ్య చేతులు ఆరేదెప్పుడు?
పైనుంచి ఒక్క నీటి చుక్క పడితే మాత్రం
వేలే అనుకొని
పటాన్ని గుంజుకపోయి
ఇరాన్ కొండల మీద పెడతది.

తొమ్మిది కొట్టేసరికి పలక సలసల కాగింది.
చల్లారనీయండని ఒక్క ముక్క రాసి
కన్ను మూసింది.
నూకయ్య తన తువ్వాల తడిపి
దాని వీపుకు చుట్టిండు.

మళ్ల లేచినప్పుడు
మేము సముద్రంల లేము.
నీలి చుక్క విమానాశ్రయం నడుమ
రన్‌వే మీద
గంటకు ఆరు మైళ్లు, మెల్లగ పోతున్నది.

ఎవరో ఎక్కడి నుంచో
ఆకాశానికి దొంగ లెక్కలు చెప్తున్నరంట.
ఈ మధ్య అన్ని పడవలకూ ఇదే గోస.
ఆపి, మూడుసార్లు మళ్ల వెలిగించిన.
రన్‌వే.

ఖమీస్ ఇటు చూడనన్న చూడలేదు.
కొండ కొనను, పక్కన నీటి రంగును
మనసుల కలుపుకొని
చుక్కాని ఇంత తిప్పిండు.
సీసపు గుండుకు కొవ్వు రాసి తాడుతో వదిలి
దానికంటుకొచ్చిన ఇసుకను
రెండు వేళ్ల నడుమ నలిపిండు.
ఇంజన్ ఆపిండు.

ఇక్కడ బోను లేదు.
నీళ్ల మీద తేలే డబ్బా లేదు.
నూకయ్య చాయ్ గ్లాసు పక్కకు పెట్టి
చెప్పులు విప్పిండు,
ఎప్పటి నుంచో తెలిసిన పని లెక్క.
నేనొక్కన్నే నిలబడి ఉన్న.

అప్పుడు ముసలాయన మొదటిసారి
పలక దిక్కు తిరిగిండు.
చేతి అంచుతో అద్దం తుడిచిండు.
"ఏది?" అన్నడు అరబ్బీల.

నాకొచ్చిన అరబ్బీల
తుడిపేసిన అనే మాట లేదు.
హిందీల ఉన్నది.
తెలుగుల ఉన్నది.

బొటనవేలు అంగీకి ఆరదుడిచి
ఒత్తి పట్టి ఒక గుర్తు పెట్టిన.
పేరేమిటని అడిగింది పలక.
వద్దన్న.
పెట్టింది నీళ్లల్లనే.
పడ్డది రన్‌వే మీద.
ఖమీస్ ఆ చుక్కను చాలాసేపు చూసి
సరేనన్నట్టు తల ఊపి
ఇంజన్ వేసిండు.

వచ్చే సోమవారం ఛార్జర్ మార్చనీకి పోవాలె.
పాతది అప్పుడే పచ్చగ తుప్పు పడుతున్నదంట.
ఆకాశం నిజం చెప్పే రోజు చూసి
ఆ తావుకు ఇంకోసారి తీస్కపోతవా అని అడగాలె.
ఎట్ల అడగాలెనో
ముందుగాల నూకయ్యను అడగాలె.