చేతివాటం

ఒక్క ఫైలునే రెండు కంప్యూటర్లలో పెట్టాం.
ఒకే కాన్పు కవలలనుకున్నాం.

కిటికీ పక్కది తెరిస్తే తెల్లటి కాగితం,
ఐదు పిక్సెళ్ళ కుంచె,
నొక్కితే లావు, తేలిస్తే సన్నం,
చెప్పిన మాట వినే పిల్ల.
హీటరు పక్కది తెరిస్తే
బూడిదరంగు కాగితం,
పదిహేడు పిక్సెళ్ళ కుంచె,
నొక్కినా నొక్కకపోయినా ఒకటే నలుపు.
రబ్బరు పట్టుకుంటే సగం చెరిపి
మిగతా సగం నాకెందుకని వదిలేస్తుంది.

కుతాయిసీలో జనవరి.
రియోనీ నదిలో
ఏది తెల్లరాయో ఏది మంచుగడ్డో తెలియదు.
మా పిల్లల సినిమాకి
ఇంకా నలభై గుర్రాలు గీయాలి.
ఈ కంప్యూటర్లో పుట్టిన గుర్రం
ఆ కంప్యూటర్లో పుట్టిన గుర్రాన్ని
మా జాతిదేనని పోల్చుకునేలా లేదు.

తీసేశాను. మళ్ళీ పెట్టాను.
బూడిద. పదిహేడు.
మళ్ళీ తీసేశాను, కరెంటు కూడా ఆపి
కాఫీ తాగి వచ్చి మళ్ళీ పెట్టాను.
కొత్తగా వచ్చింది కదా,
ఇంత మొండితనం ఎక్కడ నేర్చింది?

ద్జాబాను పిలిచాను.
బజారు చివర ఫోన్లు బాగుచేసే కుర్రాడు,
చంకలో వేడి రొట్టె, గడ్డానికి చీజు.
"ఇల్లయితే పడగొట్టావు గానీ అక్కా,
నేలమాళిగ అలాగే ఉంది" అన్నాడు.
దాచిన ఫోల్డరొకటి పైకి లాగాడు.
దాని పేరు ఎతేరి.

పదకొండేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని
పోయిన ద్రాక్షకోతలప్పుడు
"కళ్ళు అలిసిపోయాయి" అని చెప్పి
కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయిన ఎతేరి.
కళ్ళు అంది. నాకు బాగా గుర్తు.

ఫోల్డరు నిండా అంకెలు.
గీత నునుపు: నూటికి నూరు.
కలం ఒత్తిడి: లెక్కపెట్టొద్దు.
వెనక్కి తీసుకునే అడుగులు: వెయ్యి.

ఆ కలంతో ఓ గీత గీసి చూశాను.
గీత నా చేతితో పాటు రాదు.
పలుపుతాడు పొడుగున్న మేకలా
ఓ క్షణం ఆగి, ఇష్టం లేనట్టు, కదులుతుంది.
వచ్చేలోపు
వణుకంతా దారిలోనే రాలిపోతుంది.
కావాలని చెయ్యి వణికించాను.
తెర మీద గీత తీగలా సాగింది.

స్టూడియోకి కొత్తవాళ్ళొస్తే
ఎతేరి గీసిన కంచెనే చూపించేదాన్ని.
"చూడండి, చెయ్యంటే ఇదీ."
తను వినీ విననట్టు
కప్పును రెండు చేతులా పట్టుకునేది.
చలికనుకున్నాను.

"చెరిపెయ్యనా?" ద్జాబా వేలు మీట మీద.
నలభై గుర్రాలు.
ఉండమని, రొట్టె చుట్టిన కాగితం చించి
ఆ అంకెలు రాసుకున్నాను, ఎందుకో.
తర్వాత చెరిపెయ్యమన్నాను.

ఇప్పుడు రెండూ తెల్లగా తెరుచుకుంటున్నాయి.
రెండింటిలోనూ ఐదు.
ఐదే ఎందుకు?
ఏ ఊళ్ళోనో ఎవరో ఒకరు
తన చేతికి నప్పిందని
లోకానికంతటికీ ఐదని రాసేసి
భోజనానికి లేచి ఉంటారు.
డిఫాల్ట్ అంటే ఏముంది,
మనకు పేరు తెలియని వాళ్ళ చేతివాటం.

రాత్రి ఎతేరికి ఫోన్ చేశాను.
చేతుల మాట ఎత్తలేదు.
పాత ఫైళ్ళు, అద్దె, వాళ్ళ పిల్లి.
పెట్టేసే ముందు నోరు జారాను.
"వెయ్యి అడుగులు వెనక్కి దేనికమ్మా?"
అటువైపు పెనం మీద ఏదో చిటపటమంది.
"అంతకంటే ఎక్కువ ఒప్పుకోదే, నూత్సా."

కాసేపాగి తనే అడిగింది,
గుర్రాలెన్ని మిగిలాయని.
ముప్పై తొమ్మిది అన్నాను.
నలభై.