పొరుగింటి వేరు

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక
తొడిమల చెత్త పారబోసే చోట
ఒక మిరప మొక్క తనంతట తానే మొలిచింది.
దాన్ని ఆనుకుని ఇంకోటి.
ఏ పిట్ట వేసిందో.

పేరు తెలీదు. సన్నాకు, నున్నటి కాడ.
గోరుతో గిల్లి చూశాను, ఏ వాసనా లేదు.
పీకి పారేద్దామని వంగి లాగితే
పక్కనున్న మిరప కూడా కదిలింది.
వదిలేశాను.

నా పని తొడిమలు తీయడం.
ముక్కుకి చెంగు, వేళ్లకి ఆముదం,
ఏడాది పొడుగునా తుమ్ము.
మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడిగిన నీళ్లు
ఆ రెంటి మొదట్లో పోసేదాన్ని.
గొప్ప చెప్పుకోడానికి అంతకు మించి ఏం చేయలేదు.

రెండో ఎండాకాలానికి మిరప డీలా పడింది.
ఆకు ముడుచుకుపోతే తెగులనుకున్నాను.
పూత రాలింది, కాసిన నాలుగూ గిడసబారాయి.
పక్కది మాత్రం నిగనిగలాడుతూ
నా నడుం దాటింది.

లాం ఫారంలో వాచ్‌మన్‌గా చేసిన ఇన్నయ్య
మొక్కలు చదివినవాడిలా మాట్లాడతాడు.
చూసి చెప్పాడు:
"ఇది గంధం, శౌరమ్మా. ఒంటరిగా బతకదు.
నేల లోపల పక్కదాని వేరుని
నోట పట్టుకుని తాగుతుంది.
అట్లాగని ఉత్త దొంగదీ కాదు,
ఆకులున్నాయిగా, వంట తనే చేసుకుంటుంది.
నీళ్లూ ఉప్పూ మాత్రం పొరుగింటివి."

పొరుగింటివి.
కారం చేత్తో కళ్లు నులుముకున్నట్టయింది.

నేను పుట్టిన నెలకే మా అమ్మకి కామెర్లు.
పాలు ఎండిపోయాయి.
గోడ పక్క ఖాసింబీ యార్డు నుంచి వచ్చి,
మోచేతుల దాకా మజ్జిగతో రుద్ది కడుక్కుని,
రొమ్ము తుడిచి, ఆ వేలు తన నాలిక మీద పెట్టుకుని,
మంట లేదని తేలాకే
నన్ను ఎత్తుకునేదట.
కుడివైపు నాకు, ఎడమవైపు నాగూల్ మీరాకి.
కుడివైపే ఎక్కువ పడేవని
మా అమ్మ చెప్పి చెప్పి నవ్వేది.
ఖాసింబీ నవ్వడం నేను చూళ్లేదు.

నాగూల్ మీరాకి నాలుగేళ్లొచ్చే దాకా నడక రాలేదు.
దానికీ దీనికీ ఎవరూ ముడి పెట్టలేదు.
డాక్టరు వేరే పేరేదో చెప్పాడు.
నేనే పెట్టుకున్నాను,
ఆ చెత్త గుట్ట పక్కన గొంతుక్కూర్చుని,
ఎండిపోయిన మిరప కట్టె చేత్తో పట్టుకుని.

లాగితే రాలేదది.
చచ్చాక కూడా కింద ఎవరు ఎవర్ని పట్టుకునున్నారో.

గంధం ఆగలేదు.
గోడ పునాది కింద నుంచి
అవతలి వేపని అందుకునుంటుందన్నాడు ఇన్నయ్య.

నాలుగో ఏడు కాసింది.
శనగగింజ కన్నా కాస్త పెద్దవి,
ముందు ఎరుపు, ఆనక నేరేడు నలుపు,
నెత్తిన చిన్న ఉంగరం అచ్చు.
కోయిల తినగా మిగిలినవి మూడు.
ఒకటి నోట్లో వేసుకోబోతూ జంకాను,
కారంగా ఉంటుందేమోనని.
లేదు. పొర లాంటి గుజ్జు,
కాస్త తీపి, చివర్లో వగరు.
మిరప ఊసే లేదందులో.
నాలికతో ఎంత వెతికినా.

మిగతా రెండూ చెంగున కట్టుకుని యార్డుకి వెళ్లాను.
ఖాసింబీ పోయి పదకొండేళ్లు.
నాగూల్ మీరా ఉన్నాడు,
కాటా దగ్గర బరువులు చదువుతూ,
ఎడమ కాలు ఇప్పటికీ ఈడుస్తూ.

"ఏంటి శౌరీ ఇది?"
"తిను ముందు."

నమిలాడు. మొహం చిట్లించాడు.
"పిట్టల తిండి" అని గింజ ఊయబోయి
ఎందుకో ఊయలేదు.
బుగ్గన పెట్టుకునే
తర్వాతి బస్తా చదివాడు:

నలభై రెండు కిలోలు
మూడొందల గ్రాములు.