తిన్నంక

సిరొంచ మందుల దుకాణపాయన
కవరు మీద మరాఠీల గీకిండు:
జేవణానంతర్.
అంటే, తిన్నంక.

మూడొద్దుల సంది జరం.
గంజి తాగితే గంజే బయటికొస్తాంది.
ఎన్ని బుక్కలైతే
తిన్నట్టు లెక్క?

సుగర్ గోళీ అరచేతిల
చెమటకు మెత్తబడతాంది.
మింగితే కళ్లు తిరుగుతయేమో,
మానితే నెత్తురు తీపెక్కుతదేమో.

నర్సుబాయి మడావికి ఫోన్ చేసిన.
"ఏం తిన్నవ్ మౌశీ?"
ఏం లేదని
తెలుగుల సగం, మరాఠీల సగం చెప్పిన.
"వేలు గుచ్చి చూడు. అంకె చెప్పు.
అప్పటిదాంక గోళీ ముట్టకు."

మిషను సన్నగ కూసింది.
అంకె చదువుదామంటె
కళ్లద్దాలు దొరుకుతలేవు.

ప్రాణహిత దిక్కు నుంచి సల్లగాలి.
గోళీని మళ్ల కవర్ల ఏసిన,
ఆ ఒక్క మాట
లోపలికి మడిచి.