వంతెన కాపరి మాట

హార్లింగెన్‌లో కిటికీలకు తెరలుండవు.
సాయంత్రం కాలవ గట్టున నడుస్తుంటే
ఎవరింట్లో బఠానీ సూపు, ఎవరింట్లో అలక,
అన్నీ కనిపిస్తాయి.
ఎవరూ చూడరు.

అలాంటి వీధిలో వీబె
ల్యాప్‌టాప్ కెమెరా కంటికి
దెబ్బల మీద వేసే ప్లాస్టర్ అంటించాడు.
"దాచుకోడానికి నీ దగ్గరేముందోయ్?" అన్నాను.
"ఏమీ లేదు. అదే దాస్తున్నా."

ముప్పై ఏళ్లు వంతెన ఎత్తి దించినవాడు.
గాలపు కర్రకి చెక్కబూటు కట్టి వేలాడదీస్తే
పడవవాళ్లు అందులో సుంకం వేసేవారు.
"బంగాళాదుంపలా, పెళ్లివారా,
అప్పులవాళ్లకు దొరక్కుండా పారిపోయేవాడా,
ఎప్పుడైనా అడిగానా?
ఇంటర్నెట్ తీగా అంతే.
దారి ఇవ్వాలి, మూట విప్పకూడదు."

ఇప్పుడు అతని రౌటర్‌లో
ఊరూ పేరూ తెలియని వాళ్లు రాసిన ప్రోగ్రాం.
ప్రతి వరసా ఎవరైనా చదువుకోవచ్చట.
అతను చదివాడా? లేదు.
నేనా? అడక్కండి.
"మరి ఏం చూసి నమ్మావు?"
"వంతెన పళ్లచక్రాలు అద్దాల గదిలో ఉండేవి.
నేను సరిగ్గా చూసింది రెండుసార్లే.
ఓ రోజు నీంకె అని బడిపిల్ల
అద్దానికి ముక్కు ఆనించి,
'తాతా, అక్కడో పన్ను విరిగింది' అంది.
రేకు కప్పి ఉంటే?"

నాకింకా పూర్తిగా ఒప్పుదల కాలేదు.
అతనితో వీడియో కాల్ అంటే
సగం సేపు నా మొహం
నోరు తెరుచుకునే గడ్డకట్టి ఉంటుంది.

అయినా ఈమధ్య
పడుకునే ముందు కిటికీ అలాగే వదిలేసి
ఫోన్ని మాత్రం
బోర్లా పెడుతున్నాను.