ఇరవై మూడో అర

స్వనేతి కొండల్లో మార్చి.
బయట మంచు ఇంకా మోకాలి లోతు.
లోపల, కొండ కడుపులో,
మూడు టర్బైన్లు గుర్రుపెడుతున్నాయి.
మెట్లు దిగుతూ ఎతేరి అంది:
"గోడకు చెయ్యి ఆనించకు, చెమ్మగా ఉంటుంది."
ఆనించాను.
నిజమే.

కొత్త స్విచ్ మేకపిల్లంత బరువు.
ఫ్యాను లేదు దానికి. ఒళ్ళంతా ఇనుప రెక్కలు,
తన వేడిని తానే విదిల్చుకునే రకం.
అట్టపెట్టెలోంచి తీస్తున్నప్పుడు
చంటిబిడ్డ మెడ కింద పెట్టినట్టు అరచెయ్యి పెట్టింది,
నేను చూశానని తీసేసింది.

ఇరవై మూడో అర మనది.
చదరపు రంధ్రాల్లో నట్లు తొడగాలి ముందు.
ఒకదాని రేకు జారి
నా బొటనవేలి గోటి కిందికి దిగింది.
"సుంకం కట్టేశావు ఒటియా,
ఇక ఈ ర్యాకు నిన్ను గుర్తుపడుతుంది."

నాలుగు స్క్రూలూ వదులుగానే ఉంచి,
ఆపైన మూలకు మూల ఎదురుగా బిగించాం,
మట్టంలో బుడగ నడిమికొచ్చి కుదురుకునేదాకా.

ఎర్తు తీగ. పచ్చా పసుపూ చారలది.
కరెంటు కన్నా ముందు ఇదే.
పెయింటు గీకాను, ఇనుము తెల్లగా తేలేదాకా.
పిడుగు ఈ కొండకు పాత చుట్టం,
వచ్చేటప్పుడు తలుపు తట్టదు.
వచ్చాక పోయే దారి మనమే చూపించాలి.

కరెంటు రెండు వైపుల నుంచి:
ఒకటి స్టేషను బోర్డుది, రెండోది బ్యాటరీ గదిది.
తీగ కొసలు విచ్చుకోకుండా
చిన్న చిన్న టోపీలు తొడిగి నొక్కాను.
ఏది ప్లస్సో ఏది మైనస్సో
రెండుసార్లు నేను చూశాను,
మూడోసారి ఆమె చూసింది,
నా మీద నమ్మకం లేక కాదట.

ఆ తర్వాత అలారం తీగ.
దీని దగ్గర ఎతేరి కాసేపు ఆగింది.
"ప్రాణం ఉన్నంతసేపూ లోపల ఒక పిడికిలి
మూసుకుని ఉంటుంది.
ప్రాణం పోతే విడిపోతుంది, పైన గంట మోగుతుంది.
చచ్చినవాడు కేకెయ్యలేడు కదా,
అందుకని బతికున్నన్నాళ్ళూ
కేకను గుప్పిట్లో పట్టుకుని కూర్చుంటాడు."
స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చింది.

ఫైబర్.
వెంట్రుకంత గాజు, పసుపు తొడుగులో.
మడత పడనివ్వకుండా
టీ సాసరంత వెడల్పున చుట్ట చుట్టాలి.
"మూత తీశాక కొసలోకి తొంగిచూడకు,
వెలుగు కనపడదు, కన్ను పోతుంది."

గేటు గది నుంచి మన దగ్గరికి,
ఇక్కడి నుంచి టర్బైన్లకు,
అటునుంచి యార్డుకు, తిరిగి గేటు గదికి:
మొలతాడులా ఒక చుట్టు.
అయినా ఎక్కడో ఒకచోట తలుపు మూసే ఉంచుతారు.
లేకపోతే మాట గానుగెద్దులా
తన వెంట తానే తిరిగి తిరిగి
అందరి నోళ్ళూ మూయిస్తుంది.

ర్యాకు అడుగున ఒక బూడిదరంగు కేబుల్ కనపడింది.
పాత లేబుల్, వెలిసిన సిరా:
*తీయొద్దు. నోదార్.*
"నోదార్ ఎవరు?"
"నాకు ముందువాడు."
"ఇది ఎక్కడికి పోతుంది?"
"తెలీదు. అందుకే తీయొద్దు."
కొత్త లేబుల్ రాసి పక్కనే అంటించింది:
*తీయొద్దు. నోదార్. ఎతేరి కూడా.*

దీపాలు వెలిగాయి, పచ్చగా, ఒక్కొక్కటీ తన లెక్కలో మిణుకుతూ.
నేను చేతులు తుడుచుకుంటున్నాను.
ఆమె ఒక కరెంటు ప్లగ్గు లాగేసింది.
ఏమీ కాలేదు.
పెట్టింది. రెండోది లాగింది.
ఏమీ కాలేదు.
అప్పుడు, అడగకుండా, చెప్పకుండా,
ఫైబర్ తీసేసింది.

ఒక దీపం ఆరింది.
టర్బైన్ల గుర్రులో శ్రుతి తప్పలేదు.
కబురు వెనక్కి తిరిగి
అవతలి దారిన చేరిపోయింది,
నేను రెప్ప వేసేలోపు కాదు,
వేద్దామనుకునేలోపు.

నూట నలభై మెట్లెక్కి కంట్రోలు గదికొస్తే
ముసలి బెసారియోన్ జున్ను రొట్టె తింటున్నాడు.
తెరలు చూశాడు, గడియారం చూశాడు, మమ్మల్ని చూశాడు.
"పొద్దు గుంకుతోంది. ఇంకా ఎప్పుడు మొదలెడతారు?"

ఎతేరి నవ్వలేదు.
అతని రొట్టె సగం తుంచుకుంది,
అందులో సగం నాకిచ్చింది.
జున్ను ఉప్పగా ఉంది.
బొటనవేలు భగ్గున మండింది.