అదిగో

ఒకే వానాకాలంలో నా ఒళ్ళోకి వచ్చారు ఇద్దరూ.
నా నబుకేరా ఆసుపత్రి నుంచి,
కిటోగో సంతలో ఒక గోనెసంచి నుంచి.
తల్లిని కాల్చేసిన వాళ్ళు పిల్లని అమ్మబోతుంటే
అటవీ గార్డులు పట్టుకుని
పడవలో మా దీవికి తెచ్చారు.
ఎడమ చంక ఒకరిది, కుడి చంక ఒకరిది.
పాలసీసాలు రెండూ ఒకటే రంగు,
నిద్రమత్తులో ఎన్నిసార్లు తారుమారయ్యాయో
నలుబాలే సరస్సుకే తెలియాలి.

మొదటి ఏడాది పందెం కిటోగోదే.
నా పిల్ల మెడ నిలపడానికి తంటాలు పడుతుంటే
వాడు నా జడలు పట్టుకుని భుజమెక్కి
తలుపు గొళ్ళెం ఎలా కదులుతుందో కనిపెడుతున్నాడు.
మూడు గిన్నెల్లో ఒకదాని కింద పల్లీ దాచి
గిరగిరా తిప్పితే
సరైన గిన్నె మీదే చెయ్యి వేసేవాడు.
నా పిల్ల గిన్నెని నోట్లో పెట్టుకునేది.
"నీ కడుపున పుట్టింది ఏదే?" అని
వంట చేసే నంపీమా పడీపడీ నవ్వేది.

పదకొండో నెల. మంగళవారం.
తీగ మీద గుడ్డలు ఆరేస్తున్నాను.
చేపలగద్ద ఒకటి నీళ్ళ మీంచి లేచింది.
నా పిల్ల వేలు లేచింది.
గద్దని ఇమ్మని కాదు. గద్ద తనకెందుకు?
వేలు గద్ద వైపు, కళ్ళు నా వైపు,
మళ్ళీ గద్ద, మళ్ళీ నేను.
నేను చూశానని చూశాకే చెయ్యి దించింది.
కిటోగో కూడా చెయ్యి చాస్తాడు,
అరటిపండుకి, నీళ్ళకి, వీపు గోకమని.
వాడి చెయ్యి 'ఇవ్వు' అంటుంది.
'అదిగో' అనదు.
అంత చిన్న మాట,
చేతికేమీ రాని మాట.

మూడేళ్ళప్పుడు, జర్మనీ నుంచి వచ్చిన ఉల్రికె
గాజుపెట్టెలో పల్లీలు పోసి తెచ్చింది.
ఈకతో పెట్టె మీద మూడుసార్లు కొట్టి,
పక్కనున్న మేకు ఒకటి తిప్పి,
అప్పుడు మూత తీసింది.
మధ్యలో ఆమెకు దగ్గొచ్చింది.
పెట్టె ఆసాంతం కనబడుతోంది కదా,
ఈకా మేకూ ఉత్తవేనని కిటోగోకి తెలిసిపోయింది.
నేరుగా మూత తీశాడు, తిన్నాడు, పోయాడు.
నా పిల్ల
ఈకతో మూడుసార్లు కొట్టింది, మేకు తిప్పింది,
ఆగి, శ్రద్ధగా దగ్గింది.

ఉల్రికె నవ్వాపుకుంటూ కాగితం మీద ఏదో రాసుకుంది.
నాకు సిగ్గేసింది. నా పిల్ల మొద్దా?
ఆ సాయంత్రం పులుసులోకి పల్లీలు దంచబోతూ
రోకలితో రోటి అంచు మీద రెండుసార్లు తట్టాను.
ఎందుకు తడతాను?
మా అమ్మ తట్టేది. ఆమెకి వాళ్ళమ్మ.
ఏం లాభమని ముగ్గురిలో ఎవరమూ అడగలేదు.
రోకలి కాసేపు గాల్లోనే ఆగిపోయింది.

ఇప్పుడు వాడు కంచె అవతల, మందలో,
నన్ను ఒంటిచేత్తో ఎత్తెయ్యగలడు.
నా పిల్ల ఎంటెబ్బే బడి నుంచి సెలవులకి వస్తుంది,
ఎనిమిదో ఎక్కం దగ్గర తడబడుతుంది.
మొన్న వాన వెలిశాక కంచె దగ్గర నిలబడి
"కిటోగో, అదిగో!" అంది.
సరస్సు మీద ఇంద్రధనుస్సు.
వాడు వేలి చివర ఏముందో చూడలేదు.
వేలి మొదట్లో ఎవరున్నారో చూశాడు,
చాలాసేపు.
తర్వాత చెయ్యి చాచాడు.
నా పిల్ల రెండు జేబులూ తిరగేసి చూపింది, ఏమీ లేదని.
వాడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.