బాదం పలుకు

స్ఫాక్స్ ఆసుపత్రి నేలమాళిగలో
మంగళవారం సాయంత్రాలు నా క్లాసు.
ఆయాలు, వార్డు బాయిలు, ఒక లిఫ్టు ఆపరేటరు.
జీతం ఒక మెట్టెక్కాలంటే
మెదడూ మనసూ గురించి
అరవై ఇంగ్లీషు మాటలు రావాలట.
జాబితా నాది కాదు, పైనుంచి వచ్చింది.

మన్నూబియాకి నలభై తొమ్మిది.
కెర్కెన్నా దీవి నుంచి ఫెర్రీలో వస్తుంది,
నన్ను అమ్మాయ్ అంటుంది.
మొదటి వారమే చెప్పేసింది:
"తలకెక్కినా నోటికి దిగదు నాకు."

ఎమిగ్డలా.
భయం మేలుకునే చోటు, అన్నాను,
పాత గ్రీకులో బాదం అని అర్థం.
ఆమె కోటు జేబులోంచి పిడికెడు తీసి
బల్ల మీద పోసింది.
"ఇవేగా, ముందే చెప్పొచ్చుగా."
ఆ పూట అందరం భయాన్ని నమిలాం.
లిఫ్టతనికి మాత్రం చేదుది తగిలింది.

హిప్పోకాంపస్. సముద్రపు గుర్రం.
"వలలో పడుతుంది, ఎవరూ కొనరు,
పిల్లలు ఎండబెట్టి ఆడుకుంటారు.
జ్ఞాపకాలు దాచేది అదా?"
అదేనన్నాను.
"అందుకే అంత వంకర."

డ్యూరా మేటర్. మెదడు పై పొర, కఠినమైన తల్లి.
మన అరబ్బీ వైద్యులు పెట్టిన పేరే,
లాటిన్ దేశమంతా తిరిగి
ఇంగ్లీషు చొక్కా తొడుక్కుని వచ్చింది, అన్నాను గొప్పగా.
లోపలి పొర పేరు మెత్తని తల్లి.
"ఇద్దరూ ఒక్కత్తే," అంది.

డిప్రెషన్ నేర్పక్కర్లేకపోయింది.
రేడియోలో జాలర్లకు రోజూ వినిపించే మాట:
గాబెస్ అఖాతంలో అల్పపీడనం, పడవలు బయల్దేరొద్దు.
"మా లజ్‌హర్ బయల్దేరాడు,"
అని నోటుపుస్తకం మూసేసింది.

యాభై మూడో మాట, కన్ఫాబ్యులేషన్.
బోర్డు మీద చోటు చాలక
తోకను కింది వరుసలోకి మడిచాను.
కార్డు చూసి అర్థం చదివాను:
దెబ్బతిన్న జ్ఞాపకంలో చిల్లులు పడితే
వాటిని మెదడే ఏదో ఒక కథతో పూడుస్తుంది.
కథని చెప్పేవాడికి తెలియదు.
అబద్ధం కాదు.

"మళ్ళీ చెప్పు."
మొత్తం మళ్ళీ చదివాను.
"అంతా వద్దు. ఆఖరిది."
అబద్ధం కాదు.

ఆ రాత్రి రేవు దాకా కలిసి నడిచాం.
నాతో కాదు, చేతిసంచీతో చెబుతున్నట్టు చెప్పింది.
తెరచాప దూలం లజ్‌హర్ తలకు తగిలింది.
పడవలో ఉన్న ఆమె తమ్ముడు హెడి తిరిగి రాలేదు.
ఏం జరిగిందని పదకొండేళ్ళుగా అడుగుతోంది.
హెడి తాడు పట్టుకునే ఉన్నాడంటాడొకసారి,
పాడుకుంటూ దూకాడంటాడొకసారి,
అసలు పడవే ఎక్కలేదు,
మొన్న చేపల బజారులో ఉల్లిపాయలు బేరమాడుతున్నాడంటాడు.
పదకొండేళ్ళుగా ఆమె జవాబు ఒకటే:
అబద్ధాలకోరు.
పిల్లల ముందు అంది.
అతని తల్లిని పూడ్చిన రోజు కూడా అంది.

వల చిరిగితే
చేతికందిన దారంతో అల్లేస్తాం, రంగు చూడం.
ఈ మాట ఆమె అందో
ఫెర్రీ వెళ్ళాక నేనే అనుకున్నానో
ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తులేదు.

పరీక్షలో ఆ మాట రాలేదు.
నలభై వస్తే చాలు, ఆమెకు ముప్పై ఎనిమిది.

ఆగస్టులో వాళ్ళింటికి వెళ్ళాను.
గడప మీద లజ్‌హర్ రాయితో బాదం కాయలు కొడుతున్నాడు.
గోడకి ఇంకా నా కార్డులు, ఉప్పు గాలికి వంకర్లు పోయి.
నేను అడక్కుండానే హెడి సంగతెత్తాడు.
ఈసారి సముద్రపు గుర్రమెక్కి పోయాడట,
వెనక్కి తిరిగి చెయ్యూపాడట.

మన్నూబియా పళ్ళెం పక్కన పెట్టింది.
నేను ఆమె నోటి వైపే చూస్తున్నాను.

"తర్వాత?" అంది.

రాయి ఆగింది.
చాలాసేపు ఆమెను చూసి,
పెంకుల్లో వెతికి, విరగని పలుకొకటి
ఆమె అరచేతిలో పెట్టాడు.
"తర్వాత నాకు తెలీదు," అన్నాడు.
"నువ్వు చెప్పు."